సోమవారం నాటి కురుసుర

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసుర జలాంతర్గామిని పాఠకులలో చాలామంది పిల్లాపాపలతో చూసే ఉంటారు. ఇంటర్ చదువుతున్న మా చెల్లెలి కుమారుడు ఒక చెక్కపీటపై యుద్ధనౌక నమూనాతో సన్నివేశం కూర్చాలని సంకల్పించాడు. ఇటువంటి కూర్పును డయోరమా అంటారు. మదర్సాలో ఫిఖహ్ బోధించే మా వద్దకు అతడు రావడానికి కారణం మనుషుల బొమ్మలు.

మొదట అతడు ఎంచుకున్నది కురుసుర కాదు. "మామూ, సముద్రం అడుగున పడివున్న ఘాజీని చేస్తాను" అన్నాడు. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన రేవుకు చేరువలో మునిగింది. అందులోని 93 మందిలో ఒక్కరూ బతకలేదు. మన నగరం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ యుద్ధ విజయానికి స్మారకం కూడా బీచ్ రోడ్డులోనే ఉంది. కానీ మునిగిన ఆ ఓడ ఒక సమాధి. యుద్ధంలో శత్రువు మృతదేహాన్ని సైతం వికృతపరచరాదన్న ప్రవక్త (స) ఆదేశాన్ని మేము ఏటా పాఠంలో చెబుతాము. గెలిచిన దేశం మనదని చెప్పుకోవడానికి మనకు సంకోచం లేదు. దాన్ని రుజువు చేసుకోవడానికి ఒక సమాధిని అలమారాలో అలంకరించవలసిన అగత్యమూ లేదు. ఈ మాటే అతనితో అన్నాము. రెండు రోజుల తర్వాత కురుసుర కొలతలు రాసుకొని వచ్చాడు.

1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ నౌక పొడవు 91.3 మీటర్లు. 72వ వంతున చేస్తే నమూనా 127 సెంటీమీటర్లు, మా చెల్లెలి ఇంట్లో పట్టదు. 350వ వంతున 26 సెంటీమీటర్లు. ఆ లెక్కలో మనిషి అయిదు మిల్లీమీటర్లయినా ఉండడు, కన్నూ ముక్కూ కనిపించవు. అంగాలు పోల్చలేనంత చిన్న బొమ్మ విషయంలో హనఫీ ధర్మవేత్తలు సడలింపు చూపారు. ఆ సడలింపు బొమ్మ ఉన్నచోట నమాజు చేయడానికి సంబంధించినదే తప్ప బొమ్మను తయారుచేయడానికి కాదనేవారూ ఉన్నారు. చిత్రకారుడొకడు అడిగినప్పుడు చెట్లను, ప్రాణంలేని వస్తువులను చిత్రించుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సూచించారు. మాకు ఆ మార్గమే నచ్చింది.

అయితే మనిషి లేని సన్నివేశం కథ చెప్పగలదా? దారి అతడే కనిపెట్టాడు. సోమవారం మ్యూజియానికి సెలవు. తాళం వేసిన గేటు, ఎవరూ ఎక్కని మెట్లు, వెనుక సముద్రం. నిన్నటి జనం, రేపటి జనం ఆ మెట్ల మీదే ఉన్నారు. డయోరమాకు ఒక్క ఘడియ చాలునని, రెండు ఘడియలు చొప్పిస్తే ఏదీ నిలవదని మాకు అప్పుడు బోధపడింది.

ఇక పీట. జిగురు ముట్టుకోకముందే అట్టముక్కతో నౌక ఆకారం కత్తిరించి అటూ ఇటూ జరిపి చూశాడు. పీట అంచుకు సమాంతరంగా పెడితే దుకాణంలోని సరుకులా ఉంది. కాస్త ఏటవాలుగా తిప్పి, ముక్కు ముందు ఖాళీ వదలగానే చూపు సముద్రం వైపు సాగింది. బీచ్ నుంచి తెచ్చిన ఇసుక పనికిరాలేదు, 0.3 మిల్లీమీటర్ల రేణువు ఆ లెక్కలో పది సెంటీమీటర్ల రాయి! సున్నపు పొడిని వస్త్రగాళితం పట్టి రంగు కలుపుతున్నాడు.

గేటు తాళం ఎంత ఉండాలో ఇంకా తేలలేదు. లెక్క ప్రకారం చేస్తే అది కంటికి ఆనదు. మా చెల్లెలు సూదిమొనతో ఒక నల్లచుక్క పెట్టమంటోంది.