అత్తరుతో పోని వాసన

దుర్వాసన ఇంటిలోనికి వచ్చినా, వాహనంలోనికి వచ్చినా, మనం మొదట చేసే పని దానిని మరొక వాసనతో కప్పివేయడం. గదిలో ఊదుబత్తి, బీరువాలో కర్పూరపు బిళ్లలు, కారులో అత్తరు సీసా. సువాసన మనకు ప్రియమైనదే. అందులో తప్పు లేదు. అయితే జుమా నాడు మనం గుసుల్ చేసిన తరువాతనే అత్తరు పూసుకుంటాము, గుసుల్‌కు బదులుగా కాదు. ఈ క్రమాన్ని కారు విషయంలో మాత్రం చాలామందిమి పాటించడం లేదు.

మా అమ్మీ బోధన్‌లో ఉంటారు. వయస్సు డెబ్బై ఎనిమిది, ఉబ్బసం పాతది. నెలకొకసారి ఆమెను నిజామాబాదులోని వైద్యుని వద్దకు తీసుకురావాలి. ఆ ప్రయాణం సుఖంగా సాగాలనే గత వర్షాకాలంలో మా అబ్బాయి ఒక పాత కారు కొన్నాడు. ఏ.సి. వేసిన మొదటి నిమిషంలో దాని జాలీల నుండి తడిసిన గోనెసంచి వంటి వాసన వచ్చేది. అబ్బాయి ముందు అత్తరు సీసా తగిలించాడు, తరువాత సుగంధపు స్ప్రే కొట్టాడు. అమ్మీకి దగ్గు తగ్గకపోగా ఆయాసం మొదలైంది. మూడవ నెలలో ఆమె, "బేటా, నన్ను బస్సు ఎక్కించు. బస్సుకు కిటికీలైనా ఉంటాయి" అన్నారు. ఆమె కోసం కొన్న కారులో ఆమే కూర్చోలేకపోయారు.

అప్పుడు నాకు మా అబ్బా మాట గుర్తుకు వచ్చింది. ఆయన శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారంలో పనిచేశారు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఈ ప్రాంతంలో చెరకు విస్తరించగా, 1930ల చివర వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొంది, 2015 డిసెంబరులో మూతపడిన కర్మాగారమది. చెరకు మిల్లులో రసం పారే కాలువల మూలల్లో కాస్త రసం నిలిచిపోతే చాలు, సూక్ష్మజీవులు చేరి జిగట పొరను అల్లుతాయి. పులిసిన వాసన వస్తుంది, చక్కెర నష్టమవుతుంది. అందుకే ఆ కాలువలను ఆవిరితోను, వేడినీటితోను కడుగుతూ ఉంటారు. "వాసన వచ్చిన చోట కాదు, తడి నిలిచిన చోట వెదకాలి" అనేవారు అబ్బా.

కారులోనూ జరిగేది ఇదే. డాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ ఉంటుంది. చల్లని నీళ్ల గ్లాసు పైభాగాన చెమ్మ పట్టినట్లే, గాలిలోని తేమ ఆ చల్లని కాయిల్‌పై నీరుగా మారుతుంది. ఆ నీరు ఒక సన్నని గొట్టం ద్వారా కారు క్రిందికి కారిపోవాలి. ఏ.సి. ఆపి ఇంజను కట్టివేసినప్పుడు కాయిల్ తడిగానే, చీకటిలోనే ఉండిపోతుంది. దానిపై దుమ్ము చేరితే బూజుకు, బ్యాక్టీరియాకు ఆహారం దొరికినట్లే. మన వైపు ఆ దుమ్ముకు కొదవ లేదు: వరికోతల పొట్టు, పసుపు సీజనులో యార్డు చుట్టూ లేచే పొడి, చెరకు బండ్ల వెనుక ఎగిరే ధూళి. బూజు ఉబ్బసాన్ని రేపుతుంది. ఘాటైన స్ప్రే కూడా రేపుతుంది. అమ్మీ ఆ రెండింటినీ ఒకేసారి పీల్చారు.

మెకానిక్ గ్లోవ్ బాక్సు వెనుక నుండి క్యాబిన్ ఫిల్టరు బయటికి తీశాడు. అది నల్లబడి, వేపాకుల ముక్కలతో నిండి ఉంది. కాగితపు ఫిల్టరును కడిగి వాడరాదు, కొత్తది వేయాలి. సాధారణంగా ఏడాదికొకసారి మార్చడం మంచిది. దుమ్ము ఎక్కువైన చోట ఇంకా ముందే. తరువాత ముందు అద్దం అడుగున, గాలి లోనికి పోయే జాలీలోని ఆకులను ఏరాడు. నీటి గొట్టం మట్టితో సగం పూడిపోయింది; దానిని తెరచాడు. చివరగా కాయిల్‌ను దానికొరకే ఉండే నురుగు మందుతో శుభ్రపరచి, తలుపులు తెరచి ఆరనిచ్చాడు. ఆ తరువాతి నెల అమ్మీ కారులోనే వచ్చారు. దారి పొడవునా దగ్గలేదు, అల్హమ్దులిల్లాహ్.

ఆనాటి నుండి మా ఇంట ఒక అలవాటు ఏర్పడింది. గమ్యం చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏ.సి. ఆపి, ఫ్యాను మాత్రం నడుపుతాము. బయటి గాలి లోనికి వచ్చే మీట వేస్తాము. దానితో కాయిల్ చాలావరకు ఆరుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

అయితే అన్ని వాసనలూ బూజువి కావు. పొలాల్లో కోతలు ముగిసిన తరువాత ఎలుకలు ఇంజను సందుల్లో చేరుతాయి. కుళ్లు వాసన వస్తే ముందు అక్కడ చూడాలి. కాలిన వాసన వస్తే వైర్లను పరీక్షింపజేయాలి. బెల్లపు పాకం వంటి తీపి వాసన వస్తే, మొలాసిస్ వాసనకు అలవాటుపడిన మన ప్రాంతంవారు దానిని ఏ చెరకు బండిదోనని అనుకొనే ప్రమాదముంది. అది హీటరు వద్ద కూలెంట్ కారుతున్న గుర్తు కావచ్చు. అద్దం లోపలివైపు జిడ్డు మంచు పట్టినా, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గినా బండిని నడపక చూపించాలి. ఆ ద్రవం విషం. తియ్యగా ఉంటుంది గనుక పిల్లలకు అందనీయరాదు. పొగ వాసన లోనికి వస్తే వెంటనే ఆగి, అందరినీ దింపాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కాని ప్రాణం తీస్తుంది. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ కూర్చోవడం ఎన్నడూ తగదు.

ఈ వానాకాలంలో మీరు ఒక చిన్న పరీక్ష చేయండి. కారును ఆరుబయట నిలిపి, పదిహేను నిమిషాలు ఏ.సి. నడిపి, క్రింద నీటి చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి. చుక్కలు లేక, ముందు సీటు క్రింద చాప తడిగా ఉంటే గొట్టం పూడినట్లే. ముందు దానిని తెరపించండి. అత్తరు సీసాను ఆ తరువాత తగిలించుకోవచ్చు.