నీటి నడుమ నాగార్జునకొండ

పత్తి, మిర్చి పొలాల మధ్య బతికే గుంటూరు, ప్రకాశం సీమలవారు దీవి విహారానికి అండమాన్ దాకా పోనక్కరలేదు. మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే, సాగర్ జలాశయం నడుమ నాగార్జునకొండ ఎదురవుతుంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి లోయ ఆనకట్ట నీటిలో మునుగుతుందని తేలడంతో, పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకి, మరికొన్నింటిని ఒడ్డునున్న అనుపుకు తరలించి తిరిగి పేర్చింది.

తిరుగు లాంచీ తప్పిపోతుందన్న తొందరలో సందర్శకులు మ్యూజియంలోని శిల్పాలను చుట్టబెట్టేస్తారు గానీ, అసలు ఆగి చూడవలసింది స్నానఘట్టాన్ని. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున జనం దిగిన ఆ రాతిమెట్లు ఇప్పుడు నదిని వదిలి కొండమీద ఉన్నాయి. మహాచైత్యం, అంటే బుద్ధుని ధాతువులను నిక్షిప్తం చేసిన పెద్ద స్తూపం, చక్రాకారపు పునాదితో కనిపిస్తుంది. లాంచీ సాగే ఈ నీరే కుడి కాలువ గుండా ఆ రెండు సీమల చేలకు పారుతుంది కనుక, ఇక్కడికి వచ్చే రైతు ఒక విధంగా తన పొలం నీటిమీదే షికారు చేస్తున్నాడనాలి. అన్నట్టు, శుక్రవారం మ్యూజియానికి సెలవు.