అప్పుడప్పుడూ జరిగేదానికి సాక్ష్యం

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. అక్కడి పాత పత్రికల్లో ఆడవాళ్ళ రాతలు వెతికి ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకునేదాన్ని. ముట్టుకుంటే పొడి రాలే కాగితాలు. చూసి టైపు చేసుకోవడమే దారి. ఉన్నట్టుండి యంత్రం బిగుసుకుపోయేది. తెరమీద ‘కెర్నెల్ పానిక్’. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది కెర్నెల్. అది ఆగితే అన్నీ ఆగినట్టే.

రిపేరు షాపులో పెడితే రెండ్రోజులూ బుద్ధిగా పనిచేసింది. “ఏదో నొక్కేసుంటారు మేడమ్” అన్నారు. ఈ మాట మనకు కొత్తా? డాక్టరు ముందు తగ్గిపోయే నొప్పి, చుట్టాల ముందు మంచివాడైపోయే మొగుడు... పదిమంది కళ్ళముందు జరగనిదంతా ఆడదాని భ్రమే.

నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. తేదీ, సమయం, తెరిచి ఉన్న ప్రోగ్రాం, తెరమీది చివరి లైన్లు. పదకొండుసార్లు ఆగింది. ఒకసారి బ్రౌజరు, ఒకసారి టైపింగు, ఒకసారి ఏమీ తెరవకుండానే. ప్రతిసారీ వేరే ప్రోగ్రాం అయితే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మెమరీని అనుమానించాలి. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను. మూడు రౌండ్లు శుభ్రం. నాలుగో రౌండులో ఎర్ర గీత! రెండు ర్యామ్ ముక్కల్నీ విడివిడిగా పరీక్షిస్తే ఒకదానిలో తేలింది: ఒకే ఒక్క బిట్ అప్పుడప్పుడూ మాట తప్పుతోంది.

పడుగులో తెగిన ఒక్క పోగును వెతికి అతికే ఇక్కడి మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళకి ఈ ఓపిక తెలుసు.

ర్యామ్ మార్చాక యంత్రం కుదురుకుంది. నోటుపుస్తకం చూపిస్తే షాపువాళ్ళూ ఒప్పుకున్నారు. కానీ సాక్ష్యం పోగేసే పని ఎప్పుడూ బాధపడేవాళ్ళ మీదే ఎందుకు పడుతుంది?