మా అమ్మకి పాట పెట్టే పెట్టె

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే ఒక కొలీగ్ అడిగాడు, "ఇంట్లో పాటలు వినడానికి కంప్యూటర్ చాలా, స్ట్రీమర్ కొనాలా?" అని. ఐదు నిమిషాల్లో అయిపోయే సమాధానానికి ముప్పావుగంట క్లాసు పీకాను. పాపం వాడి టీ చల్లారిపోయింది :) ఈ విషయంలో నేనొకసారి గట్టిగా దెబ్బ తిన్నాను, అందుకే అంత ఆవేశం.

నేను మొదట్నుంచీ కంప్యూటర్ పార్టీ. 2015లో కుప్పంలో ఇంజనీరింగ్ లో చేరినప్పుడు రూములో నలుగురికీ కలిపి ఒక పాత డెస్క్‌టాప్, 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు. ఘంటసాల గారి వెనకాల సీపీయూ ఫ్యాను కూడా శ్రుతి పట్టేది. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక ఒక యూఎస్‌బీ డాక్ కొన్నాను. అంకెల్ని శబ్దంగా మార్చేది అదే. ఆ డాక్ కి పాటని పంపేది పాత లాప్‌టాప్ అయినా, ఖరీదైన పెట్టె అయినా నా చెవికి తేడా తెలీలేదు. పంపేవాడు పోస్ట్‌మేన్ లాంటోడు, ఉత్తరం చింపకుండా తెచ్చిస్తే చాలు.

సరే, అసలు విషయానికొస్తా. మా ఇల్లు మదనపల్లె, అవ్వ వాళ్ళది పుంగనూరు. అవ్వ మంగళహారతులు బాగా పాడేది. మా మామ ఎప్పుడో టేప్ రికార్డర్ లో మూడు క్యాసెట్లు పట్టి ఉంచాడు. అవ్వ పోయాక వాటిని లాప్‌టాప్ కి కలిపి ఆడాసిటీలో ఎక్కించాను. సీడీ నాణ్యతలో (44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్) గంట క్యాసెట్ కి 630 ఎంబీ దాటింది. ఫ్లాక్ చేస్తే సైజు బాగా తగ్గింది, శబ్దంలో మాత్రం ఏదీ పోలేదు. ఇవి ఏ స్ట్రీమింగ్ సర్వీసులోనూ దొరికేవి కాదు కదా.

అమ్మకి లాప్‌టాప్ ఇచ్చి చూశాను. "ఏందిరా ఇది, పాట వినాలంటే ముందు పాస్‌వర్డ్ కొట్టల్లా?" అంది. నిజమే. దాంతో ఒక స్ట్రీమర్ కొన్నాను. చిన్న పెట్టె, ఫ్యాను లేదు, ఫోన్లో యాప్. వెనకాల అవ్వ పాటలున్న పెన్ డ్రైవ్ గుచ్చాను. అమ్మ ఖుషీ, నేను ఇంకా ఖుషీ.

అవ్వ సంవత్సరీకానికి ఆ పెట్టె పుంగనూరు తీసుకెళ్ళాను. చుట్టాలంతా భోజనాలు చేసి కూర్చున్నారు. "అవ్వ పాట పెట్టరా" అంది అమ్మ. ఆరోజు పొద్దున్నుంచే నెట్ లేదు. యాప్ మళ్ళీ లాగిన్ అవమంటుంది. పాట ఆ పెట్టెలోనే ఉంది, జానెడు దూరంలో పెన్ డ్రైవ్ కనిపిస్తానే ఉంది, అయినా పలకదు! చివరికి నా ఫోన్ స్పీకర్లో పెట్టాను. అంతమంది మాటల మధ్య అవ్వ గొంతు దోమ పాడినట్టు వినిపించింది. అమ్మ ఏమీ అనలేదు, లేచి లోపలికి పోయింది. నాలుగు తిట్టినా బాగుండేది..

ఇది నా ఒక్కడి ఖర్మే అనుకోకండి. 2025 మార్చిలో గూగుల్ వాళ్ళ క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉన్నట్టుండి మొరాయించాయి. కొన్ని రోజులకి గూగుల్ సరిచేసిందనుకోండి. కొన్నవాళ్ళ ఇంట్లో ఏదీ చెడిపోలేదు, ఎక్కడో ఒక తేదీ దాటిపోయింది, అంతే. దీనికి ఎదురు ఉదాహరణ స్క్వీజ్‌బాక్స్. లాజిటెక్ 2012లో దాన్ని ఆపేసింది. కానీ దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి అభిమానులు లిరియన్ మ్యూజిక్ సర్వర్ పేరుతో ఇప్పటికీ నడుపుతున్నారు. పాత పెట్టెలు ఇంకా పాడుతున్నాయి.

మా ఊరి సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1919లో టాగోర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాశారు. కాగితం మీద రాసిన స్వరాలకి లాగిన్ అక్కర్లేదు, చదవడం వచ్చినవాళ్ళు ఎప్పుడైనా పాడుకోవచ్చు. మనం దాచుకునే పాట కూడా అలా ఉండాలని నాకప్పుడు తట్టింది.

ఇప్పుడు మదనపల్లెలో ఉన్నది ఒక రాస్‌బెర్రీ పై, ఒక డాక్, నాయన పాత ఆంప్లిఫయర్. మొదట వేసిన సాఫ్ట్‌వేర్ తో రెండుసార్లు కరెంటు పోయేసరికి ఎస్‌డీ కార్డు పాడైంది. తర్వాత పైకోర్‌ప్లేయర్ వేశాను. అది మొత్తం ర్యామ్ లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి టక్కున కరెంటు పోయినా కార్డుకి భయం తక్కువ. అందులోనే లిరియన్ పెట్టి, ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ తగిలించాను. 1 నొక్కితే ఎమ్మెస్ సుప్రభాతం, 2 ఘంటసాల, 3 అవ్వ. 0 నొక్కితే ఆగిపోతుంది. యాప్ లేదు, నెట్ అక్కర్లేదు.

కొలీగ్ కి చెప్పింది ఇదే. ఒక్కడివే ఉండి, నీకు ఓపిక ఉంటే కంప్యూటర్ చాలు. ఇంట్లో వాళ్ళకైతే స్ట్రీమర్ కొను, తప్పులేదు. కొన్న రోజే సెట్ చేసి, నెట్ తీసేసి, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడు. నీ ఫైలు పాడితే ఉంచుకో, లేకపోతే రిటర్న్ చేసెయ్. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు ఊళ్ళో లేనప్పుడు పాట పెట్టాల్సింది ఎవరో వాళ్ళ చేతికిచ్చి చూడు. అరుదైన రికార్డింగులుంటే రెండు చోట్ల కాపీ ఉంచు. నేను ఒకటి బెంగళూరులో, ఒకటి మామ దగ్గర ఉంచాను.

మొన్న రాత్రి ఫోన్ చేస్తే అమ్మ మాటలు సరిగ్గా వినపడలేదు. వెనకాల అవ్వ పాడుతోంది. "సౌండ్ తగ్గించమ్మా" అందామనుకుని, ఊరుకున్నాను.