ఏ కాలు ముందు, ఏ మోకాలిపై బరువు

కరాటే భంగిమల్లో ఎడమ, కుడి అనే భేదం చూడడానికి చిన్నదే అయినా, మోకాలి నొప్పితోనో మడమ నొప్పితోనో వైద్యుని వద్దకు వచ్చే అభ్యాసకుని విషయంలో రోగనిర్ణయం తరచుగా ఆ భేదాన్ని సరిగా గ్రహించడం మీదనే ఆధారపడి ఉంటుంది. ‘ఎడమ భంగిమలో నిలిచినప్పుడు నొప్పి వస్తోంది’ అని రోగి చెప్పిన మాట ముందున్న పాదాన్ని సూచిస్తున్నదా, వంగిన మోకాలిని సూచిస్తున్నదా అని తేల్చుకోకుండా పరీక్షకు దిగితే, నొచ్చే కాలు ఏదో తెలుస్తుంది గాని అది ఏ పని చేస్తూ నొచ్చిందో తెలియదు.

ముందుకాలి మోకాలు వంచి, వెనుక కాలు చాచి నిలిచే భంగిమను జెన్‌కుత్సు దాచి అంటారు. ఇందులో శరీరభారంలో సుమారు 60 శాతం ముందుకాలిపై పడుతుంది కనుక ముందున్న పాదం, వంగిన మోకాలు, ఎక్కువ బరువు మోసేది అన్నీ ఒకే కాలివి అవుతాయి. ఆ కాలు ఎడమదైతే భంగిమ హిదారి, కుడిదైతే మిగి. చిక్కంతా కోకుత్సు దాచితో మొదలవుతుంది. దీనిలో వెనుక కాలు బాగా వంగి దాదాపు 70 శాతం బరువును మోస్తుంది, ముందుకాలు తేలికగా ఆని ఉంటుంది. జపాన్ కరాటే అసోసియేషన్ సంప్రదాయానికి చెందిన షోటోకాన్ అనే కరాటే శైలి గ్రంథాలు వంగిన మోకాలిని బట్టి పేరు పెడతాయి కనుక, ఎడమ పాదం ముందున్న కోకుత్సు వాటి లెక్కలో కుడి భంగిమ. ముందున్న పాదాన్ని బట్టి పేరు పెట్టే శిక్షకులకు అదే ఎడమ భంగిమ. రెండింటిలో దేనినీ తప్పు అనడానికి లేదు, కాని ఒక పాఠశాల నుంచి మరో పాఠశాలకు మారిన విద్యార్థి చెప్పే చరిత్రలో ఈ రెండూ కలగలిసిపోతాయి.

ఇరవై ఏళ్లు దాటిన ఒక యువకుని కేసు ఇందుకు ఉదాహరణ. అతని చీటీలో ‘ఎడమ కోకుత్సులో నొప్పి’ అని ఉండగా, ఎక్స్‌రే తీసింది ఎడమ మోకాలికి. అందులో లోపమేదీ కనబడలేదు. చెప్పులు విప్పించి, గచ్చు మీద ఆ భంగిమలో నిలబడమన్నప్పుడు ఎడమ పాదం ముందుకు సాగింది, నొప్పి మాత్రం వెనుకనున్న కుడి మోకాలిచిప్ప అడుగున మొదలైంది. కిందికి దిగే కొద్దీ ఆ మోకాలు పాదం బొటనవేలి గీత దాటి లోపలికి ఒరుగుతున్నది. తొడ ముందు కండరం మోకాలిచిప్పను తన గాడిలో నడిపించాలి గాని, మోకాలు అలా ఒరిగినప్పుడు చిప్ప బయటి అంచుకు రాసుకుంటూ కదులుతుంది. 70 శాతం బరువు మోస్తున్న కాలికి ఆ రాపిడి చిన్నదేమీ కాదు. తుంటి పక్క కండరాలను బలపరిచి, కొన్ని వారాలు భంగిమను ఎత్తుగా ఉంచమనడమే అతనికి ఇచ్చిన ప్రధాన చికిత్స.

ఎదిగే పిల్లల్లో చిత్రం వేరు. మోకాలి కింద, కాలి ఎముక ముందుభాగాన గట్టి బొడిపె లేచి, వేలితో నొక్కితే పిల్లవాడు ఉలిక్కిపడే స్థితిని 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే వైద్యులు వేర్వేరుగా వర్ణించినందున దానికి వారి పేర్లే నిలిచాయి. తొడ కండరపు లాగుడు ఇంకా గట్టిపడని ఎముక చివర మీద పదేపదే పడడమే దీనికి కారణం. కరాటే నేర్చే కుడిచేతివాటం బాలురలో ఇది ఎడమ కాలికే వచ్చినప్పుడు పోటీ సాధన గురించి అడగడం మంచిది. కతాలలో, అంటే నిర్ణీత క్రమంలో సాగే కదలికల పాఠాలలో, రెండు వైపులూ ఇంచుమించు సమానంగా వస్తాయి గాని, పోటీలో బలమైన కుడి చేతిని వెనుక దాచి గ్యాకు జుకి అనే ఎదురు గుద్దు కొట్టడానికి ఎడమ కాలినే ముందుంచుతారు. గుద్దిన ప్రతిసారీ దేహవేగాన్ని ఆపవలసింది ఆ ఎడమ మోకాలే. కతాలలోనూ సమానత్వం పూర్తిగా ఉంటుందనుకోరాదు: హైయాన్ షోదాన్ అనే కతాలో వరుసగా వచ్చే మూడు పైఅడ్డులలో ముందుండే కాలు కుడి, ఎడమ, మళ్లీ కుడి.

వెనుక కాలి సంగతి చాలామంది పట్టించుకోరు. జెన్‌కుత్సులో వెనుక మోకాలు చాచి, మడమ నేలకు ఆనించాలి. పిక్కలోని పైకండరం మోకాలిని కూడా దాటి తొడ ఎముకకు అతుక్కుని ఉండడం వల్ల, మోకాలు చాచినప్పుడు అది మరింత బిగుస్తుంది. పిక్క బిగుతుగా ఉన్న విద్యార్థి మడమ లేపడు, శిక్షకుడు తిడతాడు కనుక. బదులుగా పాదాన్ని బయటికి తిప్పుకుంటాడు, అరికాలి వంపు కుంగుతుంది, కొంతకాలానికి మడమ వెనుక టెండన్, అంటే పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే పట్టీ, నొప్పెడుతుంది. ముందూ వెనుకా రెండు ఇంటి తూకపు యంత్రాలు పెట్టి, వాటి మీద ఎడమ భంగిమ, తరువాత కుడి భంగిమ వేయించి చూస్తే, సమంగా సాధన చేస్తున్నానని నమ్మే విద్యార్థి కూడా ఒక వైపు ముందుకాలిపై, రెండో వైపు వెనుక కాలిపై ఎక్కువ వాలడం అంకెల్లో కనబడుతుంది. ఖరీదైన యంత్రమేదీ అవసరం లేని పరీక్ష ఇది.

చిన్న పిల్లలు ‘ఎప్పుడూ తప్పు కాలే వేస్తారు’ అని ఫిర్యాదుగా వచ్చే సందర్భాల్లో వ్యాధి ఉండడం అరుదు. సుమారు 5 నుంచి 8 ఏళ్ల మధ్య పిల్లలు తమ ఎడమ కుడులను గుర్తిస్తారు గాని, ఎదురుగా నిలిచిన మనిషి ఎడమ కుడులు అర్థం కావడానికి 8 నుంచి 11 ఏళ్లు పడుతుందని స్విస్ మనస్తత్వవేత్త ఝాఁ పియాజే 1920ల్లోనే చెప్పాడు. ఎదురుగా నిలబడి ఎడమ కాలు ముందుకు వేసే శిక్షకుణ్ణి ఏడేళ్ల పాప అద్దంలో బింబాన్ని అనుకరించినట్లు అనుకరించి కుడి కాలు వేస్తుంది. శిక్షకుడు పిల్లల వైపు వీపు తిప్పి నిలబడితే ఆ తప్పులు చాలావరకు తగ్గుతాయి. తల్లిదండ్రులు నాడీ వైద్యుని వద్దకు పరుగెత్తనక్కరలేదు.

శిక్షకునికి వైద్యుడు రాసే సలహా చీటీలో ఎడమ, కుడి అనే భంగిమ పేర్లు రాయకపోవడమే మేలు. ‘ఎడమ పాదం ముందు, కుడి మోకాలు వంగి బరువు మోసే భంగిమ ఆరు వారాల పాటు లోతుగా వద్దు’ అని రాస్తే, ఏ సంప్రదాయంలో నేర్పేవారైనా దానిని ఒకే విధంగా చదువుకుంటారు.