పాలపిట్ట దర్శనం

ఇంటి పనులు తీరిన తరువాత పేకాడేవాళ్ళున్నారు, సినిమాలకు వెళ్ళేవాళ్ళున్నారు, అరుగుమీద కూర్చుని లోకం సంగతులు మాట్లాడుకునేవాళ్ళున్నారు. వాళ్ళనెవరూ ఏమీ అనరు. నేను మాత్రం దుర్భిణి మెడలో వేసుకుని చెరువుగట్టుకు బయలుదేరితే హనుమకొండలోని మా వీధి వీధంతా కిటికీల్లోకి వస్తుంది. "ఆ కొంగల్ని అంతసేపు ఏం చూస్తారండీ? కొంగ కొంగే గదా!" అని ఎదురింటావిడ నన్నడగని వారం లేదు.

కొంగ కొంగే కాదని ఆవిడకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. బురద రంగులో బురదలోనే కలిసిపోయి కూర్చుని, మనిషి దగ్గరకు రాగానే ఒక్కసారిగా తెల్లని రెక్కలు విప్పి లేచేది గుడ్డికొంగ. బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దమనిషిలా ఒంటరిగా నిలబడేది నారాయణపక్షి. ఇక నత్తగుల్ల కొంగ ముక్కు చూడండి. ఎంత మూసినా నడుమ సందు ఉంటుంది. పాపం, దేవుడు సరిగా అతకలేదేమో అనిపిస్తుంది. కాని నత్తను ఒడిసిపట్టి గుల్లలోంచి మాంసం లాగడానికి ఆ ముక్కు ఎంతో అనుకూలం. మనకు లోపంగా కనిపించేదే దాని బతుకుతెరువు.

పక్షులను చూడడానికి పెద్ద చదువులు అక్కరలేదు. పిచ్చుకంత ఉందా, గోరువంకంత ఉందా, కాకంత ఉందా అని మొదట పరిమాణం చూసుకోవాలి. తరువాత ముక్కు ఎలాంటిది, తోక ఎంత పొడవు, నేలమీద నడుస్తోందా గెంతుతోందా, నీళ్ళలో మునుగుతోందా తేలుతోందా అన్నవి చూడాలి. రంగు ఆఖరున. మనమేమో అందరం రంగు దగ్గరే ఆగిపోతాం, అది ఎండకొకలా నీడకొకలా కనిపించి మోసం చేస్తుంది. ఇంటికి వచ్చాక తేదీ, చోటు, లెక్క ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. పాలపద్దు రాసుకునే ఇల్లాలికి ఇది కష్టమైన పనేమీ కాదు.

మా వరంగల్లు వాళ్ళకు ఈ విషయంలో పూర్వులు పెట్టిపోయిన ఆస్తి ఒకటుంది. అది చెరువులు. కాకతీయులు గొలుసు కట్టినట్టు చెరువులు తవ్వించారు. రామప్ప, లక్నవరం, పాకాల, అన్నీ ఆ కాలానివే. నర్సంపేట దాటిన తరువాత అడవి మధ్యలో ఉన్న పాకాల చెరువు 13వ శతాబ్దంలో, గణపతిదేవ చక్రవర్తి కాలంలో వెలిసింది. దాని చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ రాజులూ మంత్రులూ పంటల కోసం కట్ట వేశారు. పక్షుల మాట వాళ్ళు తలచి ఉండరు. కాని ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ నీళ్ళమీద పక్షులు కూడా హక్కుదారులయ్యాయి.

చలికాలంలో పాకాల కట్టమీద తెల్లవారగట్ల నిలబడితే ఈ మాట ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మంచు తెర కొంచెం కొంచెం తొలగుతుంటే నీటిమీద నల్లటి చుక్కల్లాంటివి కదులుతాయి. ఎండ పడగానే ఆ చుక్కలు బాతులవుతాయి. సూదివంటి తోక ఉన్నవి కొన్ని, గరిటెవంటి ముక్కు ఉన్నవి కొన్ని. ఇవి మన ఊరివి కావు. ఉత్తరాన ఎక్కడో సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల్లో గుడ్లు పెట్టి పిల్లలను లేవదీసి, దసరా దీపావళుల నాటికి ఇటు బయలుదేరి వస్తాయి. హోలీ వెళ్ళాక తిరుగు ప్రయాణం.

చలికి ఓర్వలేక వస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి చలికన్న ఆకలి. అక్కడ చెరువులు గడ్డకట్టి, నేల మంచు కింద పడిపోతే తినడానికి ఏముంటుంది? వేసవిలో అక్కడ పగలు చాలా పొడుగు, పురుగూ పుట్రా సమృద్ధి. పిల్లలను పెంచడానికి అదే అనువైన చోటు. అందుకని పుట్టిల్లు అక్కడా, పోషణ ఇక్కడా. దారి ఎలా తెలుస్తుందంటారా? సూర్యుణ్ణి బట్టి, రాత్రివేళ నక్షత్రాలను బట్టి, భూమికున్న అయస్కాంత శక్తిని బట్టి దిక్కు పోల్చుకుంటాయని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. తలమీద రెండు నల్లని పట్టీలుండే ఒక పెద్దబాతు టిబెట్టు, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది. అది 7,000 మీటర్లకు పైన ఎగరడం పరికరాలు కట్టి లెక్క చూశారు. అంత ఎత్తున మనిషి రెండడుగులు వేయాలంటే ఆయాసపడతాడు.

మన ప్రాంతపు పక్షుల లెక్క మొదట పద్ధతిగా తీసినవాడు సాలిం అలీ. 1931, 32 సంవత్సరాల్లో ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. ఆయన భార్య తెహ్మీనా ఆ అడవుల్లో, డేరాల్లో ఆయన వెంట ఉంది. భర్త పిచ్చిని భరించడమే కష్టం, అందులో పాలుపంచుకోవడం ఎంత కష్టమో! మా ఇంట్లో మాత్రం పిచ్చి నాది, భరించేది మావారు.

ఇంత దూరం చెప్పింది, నాకు పొద్దుపోక కాదు. చూస్తూ ఉండగానే ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి గనక చెప్పవలసి వస్తోంది.

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. వాళ్ళ ఊరి బయట, చచ్చిన పశువులను పారేసే చోట, రాబందులు గుంపులుగా వాలేవని ఆమె చెబుతుంది. నా పిల్లలకు రాబందు అంటే పురాణంలోని జటాయువే. కంటితో చూసింది లేదు. వాటికి వచ్చిన ఆపద వేటగాళ్ళ వల్ల వచ్చింది కాదు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసింది. 1990ల తరువాత పదిహేనేళ్ళలోనే మన దేశంలో ఒక రాబందు జాతి 99 శాతానికి పైగా నశించింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. అప్పటికి జరగవలసింది జరిగిపోయింది.

"రాబందు పోతే పోయింది లెండి, అంత అందమైన పక్షీ కాదు" అనేవాళ్ళుంటారు. సరే, అందమైన దాని సంగతే చెబుతాను. 2023లో మన దేశపు పక్షుల స్థితిమీద పెద్ద నివేదిక ఒకటి వచ్చింది. నాలాగా నోటు పుస్తకాలు పట్టుకు తిరిగేవాళ్ళు దాదాపు 30,000 మంది ఇచ్చిన సుమారు 3 కోట్ల పరిశీలనలు కలిపి తయారుచేసిన లెక్క అది. అందులో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన పక్షులలో ఒకటి మన పాలపిట్ట! పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం తగ్గిందట.

పాలపిట్ట తెలంగాణకు రాష్ట్రపక్షి. పొలాల పక్కన తీగలమీద మూగిలా కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడు దాని రంగు మట్టిరంగే. ఎగిరిందంటే మాత్రం ఆ రెక్కల నీలం చూసి తీరవలసిందే. మిడతలు, పెంకుపురుగులు దాని ఆహారం. కనుక రైతుకు కూలి అడగని కూలీ. ఎండుచెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. ఎండుచెట్లను మనం వంటచెరుకు చేశాం, మిడతలమీద మందు చల్లాం. ఇవి చాలక దానికి ఇంకో కష్టం మన భక్తివల్ల వచ్చింది.

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మనవాళ్ళ నమ్మకం. లంకమీదికి కదలబోయే ముందు రాముడు చూశాడంటారు. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తూ పాండవులు చూశారంటారు. సాయంత్రం ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని పొలిమేర దాకా నడిచి, పిట్టను చూసి, జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెచ్చి 'బంగారం' అని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్ళకు దండం పెట్టడం ఆచారం. ఎంత చక్కని ఆచారం! ఏడాదికొక్కసారైనా మనిషిని ఊరి బయటికి నడిపించి తలెత్తి చూడమంటుంది.

కాని పట్నాలు పెరిగాయి, పొలిమేర దూరమైంది. నడవలేనివాళ్ళకోసం పిట్టనే గుమ్మంలోకి తెచ్చేవాళ్ళు తయారయ్యారు. మూడేళ్ళ కిందటి దసరానాడు మా గేటు దగ్గరకూ ఒకతను వచ్చాడు. చేతిలో గుడ్డ కప్పిన పంజరం. దర్శనానికి యాభై రూపాయలు. ఆ యేడు అత్తమ్మకు మోకాళ్ళు పట్టేసి మెట్టు దిగడం కూడా కష్టంగా ఉంది. తన ఎరుకలో ఒక్క దసరా తప్పలేదు ఆమెకు. మావారు జేబులో చెయ్యి పెట్టారు. నేను వద్దంటే తల్లి ముచ్చట తీరదు, ఊరుకుంటే నా మనసు ఒప్పదు.

అతను గుడ్డ తీశాడు. పిట్ట కాళ్ళకు దారం. రెక్కల ఈకలు ఒకదానికొకటి జిగురుతో అంటుకుపోయి ఉన్నాయి. నోరు తెరుచుకుని రొప్పుతోంది. అత్తమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్క చూపు చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

"గుడ్డ కప్పు నాయనా. కట్టేసిన పిట్టను సూస్తె ఏం శుభం కలుగుతది?"

"పొట్టకోసం అవ్వా" అన్నాడతను.

"ఆకలైతె అన్నం తిను. కోడలా, గారెలు తెచ్చి పెట్టు. పిట్టను మాత్రం నాకు సూపకు."

కొని వదిలేద్దామన్నాడు మా అబ్బాయి. పిల్లవాడి మనసు మంచిదే. కాని కొన్నా, చూసినా అతనికి ముట్టేది డబ్బే. వచ్చే దసరాకు పంజరాలు రెండవుతాయి. పైగా జిగురు పట్టిన రెక్కలతో వదిలితే గోడమీద పిల్లికి అప్పగించినట్టే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. నేను అటవీశాఖ వారికి ఫోను చేశాను. వాళ్ళు వచ్చి పక్కవీధిలో పంజరం స్వాధీనం చేసుకున్నారు. పిట్ట మూడోనాడు చనిపోయిందని తరువాత తెలిసింది. ఆ మాట అత్తమ్మకు చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. "యాభై రూపాయలకు పాణం తీస్తిరి గదరా" అని మాత్రం అన్నది. ఎవరిని అన్నదో నేనడగలేదు.

పండుగనాటి సాయంత్రం ఆటో మాట్లాడుకుని, ఆమెను మెల్లగా ఎక్కించి ధర్మసాగరం చెరువుకు తీసుకుపోయాం. దారి పొడుగునా తీగలు వెతికాం. పాలపిట్ట కనబడలేదు. కట్ట దగ్గర బురదలో మాత్రం సన్నని కాళ్ళ ఉల్లంకిపిట్టలు గబగబా తిరుగుతూ ముక్కులు పొడుస్తున్నాయి.

"గివెక్కడియి బిడ్డా?"

"మంచుకొండల అవతలి నుంచి వచ్చినై అత్తమ్మా."

"గింత పిట్టలా? అంత దూరం నుంచి మన చెరువుకు సుట్టాలొచ్చినయా!" అని ఆటోలోనే చేతులు జోడించింది. చీకటి పడ్డాక జమ్మి ఆకు తీసుకుని మనుమలను దీవించింది. ఆ యేడు మా ఇంట్లో పాలపిట్టను చూసినవారు లేరు. మాకు కలగవలసిన మంచి ఏమీ తగ్గలేదు. మనుమరాలికి ఉద్యోగం వచ్చింది. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గని మాట నిజమే. అది పాలపిట్ట చేతిలో ఉన్నది కాదు.

మనుషులు తలచుకుంటే మారతారా అని సందేహం అక్కరలేదు. నాగాలాండులో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అమూరు డేగలను వలలు కట్టి వేలకు వేలు చంపారు. చైనా, సైబీరియాల నుంచి ఆఫ్రికాకు పోతూ దారిలో అక్కడ దిగే చిన్న డేగలవి. ఆ సంగతి బయటపడ్డాక ఊరిపెద్దలు, చర్చీలు, ప్రభుత్వం కలిసి కూర్చున్నారు. మరుసటి యేడు ఒక్క వల కట్టలేదు. అంతదూరం ఎందుకు, మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చలికాలానికి ముందే వచ్చి చెట్లమీద గూళ్ళు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఊరివాళ్ళు శుభమని తలచి కాపాడుకుంటున్నారు. అక్కడిదీ నమ్మకమే, మన దసరాదీ నమ్మకమే. ఒకచోట నమ్మకం పిట్టకు నీడ అయింది, ఇంకోచోట పంజరమైంది.

ఈ పత్రిక చదివే తల్లులకు ఒక్క మనవి. వచ్చే దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఊరి బయటికి నడవండి. నడవలేని పెద్దలుంటే బండి మాట్లాడండి. పంజరం వస్తే పైసా ఇవ్వకండి, అటవీశాఖకు కబురు చేయండి. పాలపిట్ట తీగమీద కనిపిస్తే సంతోషం. కనిపించకపోతే ఎందుకు కనిపించలేదని పిల్లలు అడుగుతారు. వాళ్ళకు నిజం చెప్పండి.