పిండి కొద్దీ రొట్టె

మిత్రుని చెల్లెలి పెళ్ళికని ఆత్మకూరు నుండి సోమశిలకు కారులో బయలుదేరినాము. వెనుక రెండు సబ్‌వూఫర్లు, వాటికొక యాంప్లిఫయరు క్రొత్తగా మేమే అమర్చుకొన్నాము. సగము దారిలో యాంప్లిఫయరు కాగిపోయి పాట ఆగినది. పెన్నపై ఆనకట్ట కనిపించు వేళకు కారంతా మౌనమే. పెళ్ళివారి ఎదుట తల వంచుకొని దిగినాము.

దోషము మాదే. 4 ఓమ్‌ల సబ్‌వూఫర్లు రెంటిని సమాంతరముగా కలిపితే నిరోధము 2 ఓమ్‌లకు తగ్గును. మా యాంప్లిఫయరు 4 ఓమ్‌లకు తక్కువైతే తాళలేదు. మరునాడు వాటిని శ్రేణిలో కలిపినాము, 8 ఓమ్‌లైనది. ధ్వని కొంత తగ్గినది గాని, ఊరేగింపు ముగియువరకు పాట ఆగలేదు.

ఆ సూత్రము వ్రాసియే పరీక్షలో మార్కులు పొందినాము. తీగలు పట్టుకొన్ననాడు అది గుర్తుకు రాలేదు. పిండి కొద్దీ రొట్టె అని పెద్దలన్నమాట మాత్రము ఇక మరువము.